రెండు చీటీలూ ఒకే బల్ల మీదికి రావాలి

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళేసరికి వరండా నిండిపోయి ఉంది. మార్చి నెల, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. వినుకొండ, సత్తెనపల్లి వైపు నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్ళు పూట కూలైనా దక్కించుకోవాలన్న తొందరలో ఉన్నారు. ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే కూర్చున్నాను. పేర్లూ ఊళ్ళూ రాయను.

హెచ్‌ఐవీ మందులు వాడేవారికి మనసుకు సంబంధించిన మందుల మోతాదు ఎలా కుదురుస్తారో చూడాలని వెళ్ళాను. కౌన్సెలర్ మొదటి ప్రశ్నలోనే సగం విషయం ఉంది.

"ఇక్కడివి కాక ఇంకేం బిళ్ళలు వేసుకుంటున్నావు పెద్దమ్మా?"

ఆమె కాసేపు తటపటాయించి, సంచిలోంచి ఆల్ప్రాజోలం షీటు తీసింది. "నిద్ర పట్టట్లేదంటే మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చాడమ్మా. ఈ జబ్బు సంగతి ఆయనకెట్టా చెప్పేది?"

పక్కనే ఉన్న డాక్టరు గారు కసురుకోలేదు. ఏఆర్‌టీ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగారు. రాత్రి పడుకునే ముందట. పాత మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. తలతిప్పు, పీడకలలు తెచ్చేది కనుక పడుకునే ముందే వేసుకోమనేవారు. 2020 తర్వాత దాని స్థానంలోకి డోలుటెగ్రావిర్ వచ్చింది. ఇది కొందరికి నిద్ర చెడగొడుతుంది. మాత్ర మారినా వేళ మారలేదు. ఆ మాత్రను పొద్దుటికి మార్చి, ఆల్ప్రాజోలం ఒక్కసారిగా మానకుండా మెల్లగా తగ్గించమని రాశారు.

కుంగుబాటుకు వాడే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌లకు డోలుటెగ్రావిర్‌తో పెద్ద పేచీ లేదు. చిక్కిపోయినవారికి తక్కువతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుతారు. ఫిట్స్‌కూ ఉన్మాదానికీ ఇచ్చే కార్బమజెపిన్‌తో మాత్రం అలా కాదు. అది కాలేయాన్ని తొందరపెట్టి డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది. అప్పుడు రోజుకు ఒకసారి 50 మిల్లీగ్రాములు చాలవు, రెండు పూటలా ఇవ్వాలి. లేదా కార్బమజెపిన్‌నే మార్చాలి. మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో వరుస హెచ్‌ఐవీ చికిత్సలో ఉండే రిటోనవిర్‌ది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. అది మానసిక జబ్బులకిచ్చే క్వెటియాపిన్‌ను ఒంట్లో పోగుపడేలా చేస్తుంది కాబట్టి క్వెటియాపిన్‌ను ఆరో వంతుకు తగ్గించాలి. రిటోనవిర్ ఆపిన రోజు ఆ లెక్క మళ్ళీ తిరగరాయాలి.

నన్ను ఎక్కువసేపు ఆపింది లిథియం కథ. బైపోలార్ జబ్బుకు పాతకాలపు నమ్మకమైన మందు. ఒంట్లోంచి మూత్రపిండాల ద్వారానే పోతుంది. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్ దారీ అదే, దానివల్ల మూత్రపిండాలకు దెబ్బ తగిలే అవకాశమూ ఉంది. ఇక మిరపచేలో నడినెత్తి ఎండలో వంగి కాయ కోసే మనిషిని తీసుకోండి. చెమటతో ఉప్పూ నీరూ పోతే రక్తంలో లిథియం పెరుగుతుంది. సాయంత్రం నడుం నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే లిథియం ఇంకా పెరుగుతుంది, మూత్రపిండాలకూ చేటు. చేతులు వణకడం, వాంతులు, అడుగు తడబడటం మొదలైతే చాలామంది వడదెబ్బ అనుకుంటారు. చీటీలో మోతాదు మారకపోయినా ఒంట్లో మారిపోయింది. అందుకే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, లిథియం పరీక్షలు కోతల కాలంలో దగ్గర దగ్గరగా చేయించాలని, నొప్పి సూదుల సంగతి తప్పక అడగాలని డాక్టరు గారు చెప్పారు.

ఇవేవీ వైద్యులకు తెలియని లెక్కలు కావు. హెచ్‌ఐవీ చీటీ, మనసు మందుల చీటీ రెండూ ఒకే డాక్టరు కళ్ళబడకపోవడమే చిక్కు. మానసిక వైద్య విభాగం ఇదే ఆసుపత్రిలో ఉన్నా, అక్కడ హెచ్‌ఐవీ మాట ఎత్తరు, ఇక్కడ "పిచ్చి బిళ్ళల" మాట ఎత్తరు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి సమ్మతి లేకుండా అతనికి హెచ్‌ఐవీ ఉన్న సంగతి బయటపెట్టకూడదు. చికిత్సకు అవసరమైతే వైద్యం చేసేవాళ్ళు తమలో తాము చెప్పుకోవడానికి అదే చట్టం వీలిచ్చింది. అయినా ముందు రోగినే అడగడం, ఒప్పుకుంటే ఏఆర్‌టీ కేంద్రం ఇచ్చే ఆకుపచ్చ చికిత్స పుస్తకంలో రెండో మందు పేరూ రాయడం మంచి పద్ధతి.

మందు పడట్లేదనిపిస్తే సొంతంగా మానవద్దు. కేంద్రానికి రాలేని రోజు మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416కు గానీ, హెచ్‌ఐవీ సలహాకు 1097కు గానీ ఫోన్ చేయవచ్చు. వచ్చే రోజు మాత్రం ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, బలానికి కొనుక్కున్న ఐరన్, కాల్షియం బిళ్ళలూ అన్నీ సంచిలో వేసుకు రండి. పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి మింగితే ఆ బలం బిళ్ళలు కూడా దాని పని చెడగొడతాయి.