ఎర్రమన్ను మీద బియ్యప్పిండి గీత

శ్రీకాకుళంలో బస్సెక్కి ఆమదాలవలస, పాలకొండ దాటితే కొండలు దగ్గరికొస్తాయి. అదే సీతంపేట ఏజెన్సీ. మొన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లానే. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జిల్లా మారింది గానీ సవర బొమ్మ మారలేదు లెండి.

ఇక్కడ కుంచె కంటే ముందు గోడ సంగతి చూడాలి. మట్టిగోడకి ఎర్రమన్ను పూసి ఆరనిస్తారు. పట్నం డ్రాయింగ్ క్లాసుల్లో ‘అండర్‌పెయింటింగ్’ అని నేర్పేది ఇంచుమించు ఇదే. పండక్కి అరుగులకి జాజు పూసి ముగ్గేసే అమ్మలకి ఇదేం కొత్త? తెలుపంటే నానబెట్టి నూరిన బియ్యప్పిండి. నలుపు కావాలంటే మసి. కుంచె ఓ పుల్ల.

తడి మీద పిండిగీత సరిగ్గా కనబడదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. కొత్తవాళ్లు ఆగలేక మళ్లీ దిద్దుతారు, గీత కాస్తా లావైపోతుంది!

ముందు చదరంగా చట్రం గీస్తారు. అది ఇల్లన్నమాట. అంచు పొడుగునా తెల్ల త్రికోణాలు వేసుకుంటూ పోతే, మధ్య మిగిలిన ఎరుపు తలకిందుల త్రికోణాలవుతుంది. అవి ఎవరూ వెయ్యలేదు, వదిలేశారంతే. ‘నెగటివ్ పెయింటింగ్’ కిటుకంతా ఇందులోనే ఉంది. నీటిరంగుల్లో తెల్లకాగితం వదిలి వెలుగు చూపించడమూ ఇదే లెక్క. 1921లో శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలు దాచుకున్నవాళ్లు, ఏది వేశారు, ఏది వదిలారు అని ఓసారి తీసి చూడండి.

చట్రం లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, మనుషులు. ఇది గోడకి సింగారం కాదు. జబ్బు చేసినా, పంట చేతికి రావాలన్నా దేవతల్నీ, పోయిన పెద్దల్నీ పిలిచి కూర్చోబెట్టే ఇల్లు. కొండలకి అవతల ఒడిశా సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకమే తెచ్చారు. అప్పటికే ఆ బొమ్మల్లోకి విమానాలు కూడా వచ్చేశాయి. కాబట్టి కొత్తదనం చూసి బెంగపడక్కర్లేదు.

నా బెంగ వేరు. ఇప్పుడు గుడ్డ మీదా, కాగితం మీదా ఆక్రిలిక్ రంగులతో వేసి అమ్ముతున్నారు. తప్పనను, పూట గడవాలి కదా. కానీ కొనేటప్పుడు ‘ఈ ఇల్లు ఎవరిది, ఎవర్ని పిలుస్తున్నారు?’ అని అడిగి చూడండి. గీసిన కుర్రాడు నవ్వేసి, లోపలున్న ముసలమ్మ వైపు చూస్తాడు.