కూర్మన్నపాలెంలో ఒక కాక్‌పిట్

విశాఖ స్టీల్‌ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్‌ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు కూర్మన్నపాలెంలో తన మేడమీది గదిలో కాక్‌పిట్ కట్టారని విని చూడ్డానికి వెళ్లాను. విమానం ఎగిరేది కంప్యూటర్లోనే, ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో. మీటలు, స్విచ్చులు మాత్రం చేత్తో పట్టుకునేవి.

ఫ్లైట్‌గేర్‌ని కీబోర్డుతోనూ నడపొచ్చు. జీ నొక్కితే చక్రాలు ముడుచుకుంటాయి, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే దిగుతాయి. కానీ అలా నడిపితే చేతికి అలవాటయ్యేది కీబోర్డే. మీట రూపం ఎంత ముఖ్యమో రెండో ప్రపంచ యుద్ధంలోనే తేలింది. బి-17 బాంబర్లలో రెక్కల ఫ్లాపుల స్విచ్చు, చక్రాల స్విచ్చు పక్కపక్కనే ఒకేలా ఉండేవి. నేలమీదికి దిగిన పైలట్లు ఫ్లాపులు మూయబోయి చక్రాలు ముడిచేసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పట్టుకుని, చేత్తో తడిమితేనే తేడా తెలిసే పిడులు పెట్టించాడు. ఈనాటి ప్రయాణికుల విమానాల్లోనూ చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడే ఉంటుంది. ఈ గదిలోని మీటకూ చిన్న రబ్బరు చక్రం బిగించారు.

ప్లైవుడ్ ప్యానెల్ వెనక ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఉంది. థ్రాటిల్ మీట పది కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్‌ని తిప్పుతుంది. బోర్డు దాన్నుంచి వచ్చే వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. మీట కదపకపోయినా ఆ అంకె కాస్త ఊగుతూనే ఉంటుంది. అందుకని కొన్ని రీడింగుల సగటు తీసి పంపుతున్నారు. ప్లాంటులో సిగ్నళ్లతో ఆయన ఏళ్ల తరబడి చేసిన పనే ఇది.

నన్ను కట్టిపడేసింది చక్రాల మీట స్క్రిప్టు. మామూలుగా అయితే బటన్‌కి ఫ్లైట్‌గేర్ స్క్రిప్టులు రాసే నాసల్ భాషలో ఒక్క లైను రాస్తే చాలు. కానీ బటన్ చెప్పేది నొక్కారన్న సంగతే, మీట ఎక్కడుందో చెప్పదు. నిన్న ఆపేటప్పుడు మీట పైన ఉండిపోయిందనుకోండి, ఇవాళ తెరమీద విమానం చక్రాలమీదే నిలబడి ఉంటుంది. రెంటికీ పొంతన ఉండదు. అందుకే బోర్డు మీట స్థానాన్ని సీరియల్ తీగ మీద ఆగకుండా పంపుతూంటే, స్క్రిప్టు దాన్ని సిమ్యులేటర్‌లోని స్థితితో పోల్చి చూస్తుంది. విమానం బరువు చక్రాలమీద ఉన్నంతసేపూ మీట పైనున్నా లెక్కచేయదు, ఎర్ర దీపం వెలిగిస్తుంది. అసలు విమానాల్లోనూ నేలమీద ఉండగా మీట పైకి లేవకుండా తాళం ఉంటుంది. ఇల్లు దాటని ఆటకు అంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నా మటుకు నాకు, ఈ జాగ్రత్తే లేకపోతే అది కాక్‌పిట్ కాదు.

ఇంటర్ చదివే మనవడు కుర్చీలో కూర్చుని సముద్రం వైపు నుంచి మన ఎయిర్‌పోర్టు రన్‌వే 28కి వస్తున్నాడు.

"గేరు దించేవేట్రా?"

"దించేను తాతా."

తెరమీంచి చూపు తిప్పకుండానే వాడి చెయ్యి ఆ రబ్బరు చక్రాన్ని అందుకుంది.

ఇలాంటిది కట్టాలనుకునే పిల్లలు ముందు బీచ్‌రోడ్డులో టీయూ-142 మ్యూజియం చూడండి. 2017 దాకా మన నౌకాదళంలో ఎగిరిన విమానం అది. స్విచ్చులు ఎక్కడెక్కడ, ఎందుకలా అమర్చారో గమనించండి. తర్వాత పూర్తి కాక్‌పిట్ కోసం ఆగకండి. ఒక బోర్డు, ఒక స్విచ్చు కొనుక్కుని చక్రాల మీటతో మొదలుపెట్టండి.