దా.ఖ.

మా లెక్కల పుస్తకంలో చివరి గడి పేరు "దా.ఖ." అంటే దారి ఖర్చు. దానికి ముందున్న గడులన్నింటికీ ఏదో ఒక కాగితం ఉండేది. డీజిలుకు బంకు బిల్లు, టోలుకు చీటీ, ఐసుకు ఫ్యాక్టరీ రసీదు, ఆఖరికి పంక్చరుకు కూడా గ్రీజు వేలిముద్రలు పడిన కాగితం ముక్క. దా.ఖ.కు మాత్రం డ్రైవరు నోటిమాటే ఆధారం.

2009లో డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో ఆ పుస్తకం నా చేతికొచ్చింది. మాకు రెండు లారీలు, రెండూ ఫైనాన్సువే. కైకలూరు చుట్టుపక్కల షెడ్లలో చేపలు ఎత్తుకుని హౌరా వెళ్లి దించి వచ్చేవి. ఒకదాని మీద బాబాయ్ ఉండేవాడు. సొంత బాబాయ్ కాదు. పక్కూరాయన, నాన్నను అన్నయ్యగారూ అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయ్ అయ్యాడు.

ట్రిప్పు నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని అప్పజెప్పేవాడు. "వంతెన దాటాక యాభై. బైపాసులో వంద. రాష్ట్రం దాటేచోట రెండొందలు. ఊరి బయట మోటారు సైకిలు మీదొచ్చిన ఇద్దరికి చెరో ఇరవై." నేను రాసుకుంటూ పోయేవాణ్ని. మధ్యలో పెన్ను ఆపి అడిగేవాణ్ని: "బైపాసులో పోయినసారి యాభయ్యేగా బాబాయ్?" "పోయినసారి వేరే ఆయన, అబ్బాయ్." అంతే జవాబు. మొత్తం కూడి, అందులోంచి రెండొందలో మూడొందలో కోసి లెక్క మూసేవాణ్ని. ఆయన పోట్లాడేవాడు కాదు. పోట్లాడకపోవడమే నాకు సాక్ష్యంగా కనిపించేది. నిజంగా ఇచ్చినవాడైతే ఊరుకుంటాడా అనుకునేవాణ్ని. ఇరవై రెండేళ్ల వయసులో మనిషి మౌనాన్ని నేను అలాగే చదివాను.

ఆ మే నెలలో క్లీనరు మేనత్త కూతురి పెళ్లని సెలవు పెట్టాడు. నేను వెళతానన్నాను. సాయానికని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి, దా.ఖ.లో దొంగను పట్టుకుందామని.

చేపల లోడు మిగతా లోడ్ల లాంటిది కాదు. శీలావతి, బొచ్చె ట్రేలలో పేర్చి, అడుగునా మధ్యలోనూ పైనా ఐసు పొడి కొట్టి, పట్టా కప్పి తాళ్లు బిగిస్తారు. కట్టిన నిమిషం నుంచీ ఐసు కరగడమే. దారి పన్నెండు వందల కిలోమీటర్లు, రోజున్నర పైమాటే. హౌరాలో తెల్లవారుజామున పాట జరుగుతుంది. ఆ పాట అందకపోతే సరుకు మర్నాటికి పడుతుంది, వ్యాపారి కిరాయిలో కోత పెడతాడు. ఈ సంగతి మాకెంత తెలుసో రోడ్డు మీద చెయ్యెత్తేవాడికీ అంతే తెలుసు. సిమెంటు లారీని ఆపితే బేరం గంట సాగుతుంది. చేపల లారీ కింద నీళ్లు కారుతుంటాయి కాబట్టి బేరం తొందరగా తెగుతుంది. పైగా ఆ నీళ్లే కేసు కూడా. "రోడ్డంతా తడిపేస్తున్నావ్, మోటారు సైకిళ్లు జారిపడుతున్నాయ్" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఎదురుచెప్పడానికి ఉండదు.

బాబాయ్ బనీను మీద నడిపేవాడు. ఖాకీ చొక్కా వెనక కొక్కేనికి వేలాడుతుండేది. దూరంగా రోడ్డు మధ్యలో డ్రమ్ములు, వాటి పక్కన టార్చి వెలుగు కనిపించగానే ఎడమచేత్తో చొక్కా లాగి, స్టీరింగు వదలకుండానే ఒక్కో చెయ్యీ దూర్చేసేవాడు. యూనిఫాం లేదన్న వంక ముందే తీసేయడం అన్నమాట. డబ్బు నాలుగు చోట్ల ఉండేది. చొక్కా జేబులో డెబ్భై, ఎనభై రూపాయలకు మించి పెట్టేవాడు కాదు. యాభై నోట్లు నాలుగు మడతలు పెట్టి కాగితాల ఫైలు అట్టలో, వందలు అమ్మవారి పటం వెనక. పెద్ద మొత్తం ఎక్కడుండేదో రెండో రోజుకు గానీ నాకూ చెప్పలేదు. అడిగినచోట జేబు తిరగేసి చూపించేవాడు. "ఇదే ఉంది సార్, టీకి కూడా మిగల్లేదు, మీరే చూడండి." హెడ్డు గొణుక్కుంటూ యాభై తీసుకుని, మిగిలిన ఇరవై ఆయనకే వదిలేసేవాడు. లారీ కదిలాక ఫైలు అట్టలోంచి ఇంకో యాభై తీసి జేబులో వేసుకుని తర్వాతి మలుపుకు సిద్ధమయ్యేవాడు.

వంద అడిగినచోట యాభైతో తెంపుతున్నాడు, తెంపిన యాభయ్యీ మా డబ్బు. మూడో చోట నాకది బుర్రకెక్కింది. ఎన్నాళ్లుగానో అడగాల్సింది అప్పుడడిగాను.

"నేను లెక్కలో కోస్తాను చూడు బాబాయ్, అవి ఎందులోంచి పోతాయి?"

"బత్తాలోంచి" అన్నాడు, అద్దంలో వెనక బండిని చూసుకుంటూ. బత్తా అంటే ఆయన తిండి, రోజుకూలి, ఇంటికి పంపేది.

ఆ రాత్రి తర్వాత బుద్ధి వచ్చి ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. తప్పు సరిదిద్దుకోవాలన్న తొందరలో ఇంకో తప్పు చేశాను. మర్నాడు మధ్యాహ్నం ఒకచోట ఆపితే బాబాయ్‌ని కూర్చోమని నేనే కాగితాలు పట్టుకుని దిగాను. ఏ ఊరో, ఏ రాష్ట్రమో, మాటలు ఏ భాషలో జరిగాయో చెప్పను. చెబితే మిగతా ఊళ్లన్నీ శుభ్రమైనవనుకుంటారు. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆయన నా కాగితాలన్నీ తిరగేసి వంద అన్నాడు. నేను మర్యాదగానే అన్నాను: "ఏ సెక్షను కిందో రాసి రసీదు ఇవ్వండి సార్, కడతాం."

ఆయన కోప్పడలేదు, తిట్టలేదు. "తప్పకుండా ఇస్తాం బాబూ. రసీదు పుస్తకం ఎస్సై గారి దగ్గరుంది. రాగానే రాయిస్తా. బండి పక్కకు పెట్టండి" అని కాగితాలు తొడ కింద పెట్టుకుని పేపరు చదువుకోసాగాడు.

రెండుంబావు గంటలు. మే నెల ఎండ. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. అరగంటకోసారి లారీ వెనక్కి వెళ్లి, కారుతున్న ధార కింద దోసిలి పట్టి వచ్చేవాడు. మూడోసారి నేనూ వెళ్లి పట్టాను. నీళ్లు జివ్వుమన్నాయి. "చల్లగా వస్తున్నంతసేపూ పర్లేదు. గోరువెచ్చగా వస్తే ఇక దిగబోసుకోవడమే" అన్నాడు. నాలుగోసారి పట్టినప్పుడు నాకు తేడా తెలిసిందో లేక భయానికి తెలిసినట్టనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. వెళ్లి జేబులోంచి తీసి ఇచ్చాను. వంద కాదు, ఐదొందలు. వెయిటింగు చేయించినందుకు రేటు పెరిగిందట. రసీదు ఊసు ఆయనే ఎత్తాడు నవ్వుతూ: "ఎస్సై గారు వచ్చేదాకా ఉంటారా మరి?"

ఎక్కాక బాబాయ్ రెండు కిలోమీటర్ల దాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కాగితాలు ఆయన చేతికివ్వకూడదు అబ్బాయ్. చూపించాలి, మనమే పట్టుకోవాలి." లైసెన్సు పట్టుకెళితే రాతపూర్వకంగా ఏదో ఒకటి ఇవ్వాలని మోటారు వాహనాల చట్టంలో ఉందని తర్వాత నేను చదివాను. బాబాయ్ ఆ చట్టం చదవలేదు. చేతికివ్వకూడదన్న ఒక్క ముక్క మాత్రం ఇరవయ్యేళ్ల డ్రైవింగు నేర్పింది.

ఇక్కడ మా సంగతీ చెప్పాలి. చెట్టు కింద ఆయన ఒక్కడే దొంగైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. ఆ రోజు మా లారీలో అనుమతికి మించి మూడు టన్నులు ఎక్కువుంది. పది టైర్ల బండికి అప్పుడు మొత్తం బరువు 25 టన్నులు దాటకూడదు. దాటితే రెండు వేలు, ఆపైన టన్నుకు వెయ్యి జరిమానా, ఎక్కువున్న సరుకు అక్కడే దింపించాలి కూడా. మే ఎండలో చేపలు రోడ్డు పక్కన దింపడమంటే గద్దలకు పెట్టడమే. నాన్నకూ షెడ్డు వాళ్లకూ ఇదంతా తెలుసు. కిస్తీ కట్టాలంటే ఆ మూడు టన్నుల కిరాయి ఉండాలి. ఆ బరువు ఎక్కించింది మేం, దానికి ప్రతి డ్రమ్ము దగ్గరా చేతులు నలుపుకుంటూ నిలబడింది బాబాయ్. అది కూడా దా.ఖ.లోనే పడేది. మా అత్యాశకూ, వాళ్ల అత్యాశకూ, ఉత్తపుణ్యానికి ఆపేసే వాళ్లకూ కలిపి ఒకటే గడి. విడదీసి రాసుంటే మా వాటా ఎంతో మాకు కనిపించేది. అందుకేనేమో ఎవరూ విడదీయలేదు.

ఆ మాటకొస్తే "మామూలు" అన్న మాటే చూడండి. ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట. అలవాటుగా జరిగేది అని అర్థం. "ఎలా ఉన్నారు?" అంటే "మామూలే" అంటాం. పండక్కి పోస్టుమ్యాన్‌కిచ్చేదీ మామూలే, డ్రమ్ముల దగ్గరిచ్చేదీ మామూలే. బాబాయ్ లంచం అన్న మాట వాడగా నేనెప్పుడూ వినలేదు. లంచం అనాలంటే ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ నోరు రావాలి.

లారీలు 2014లో అమ్మేశాం. రోడ్డుతో సంబంధం మాత్రం తెగలేదు, కైకలూరు వైపు నా ఈడువాళ్లు సగం మంది ఆ వ్యాపారంలోనే ఉన్నారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి, సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. ఒక్క పన్నుల గేటు దగ్గరే రాత్రంతా క్యూలో పడుకున్న రోజులున్నాయి మరి. తర్వాతి ఏడాది 10 టైర్ల బండి బరువు 28.5 టన్నులకు పెంచారు. అంటే 2009లో మేం చేసిన నేరం ఇప్పుడు అసలు నేరమే కాదు. కాగితాలు ఫోన్లో చూపించినా చెల్లుతాయి కాబట్టి తొడ కింద పెట్టుకోవడానికి ఏమీ లేదు. దానికి బదులు తాళం చెవి లాక్కుంటున్నారని మావాళ్లు చెబుతారు. 2019 సెప్టెంబరు నుంచి ఓవర్‌లోడు జరిమానా ఇరవై వేలు, పైన టన్నుకు రెండు వేలు అయింది. కనీస జరిమానా పదింతలైతే దాన్ని తప్పించే చెయ్యి ఖరీదు ఊరికే ఉంటుందా? ఉండలేదు.

2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి లంచం ఇవ్వడాన్నీ విడిగా నేరం చేశారు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే బయటపడొచ్చు. ఏసీబీకి 1064 అని టోల్‌ఫ్రీ నంబరూ ఉంది. ఆ ఏడు రోజుల్లో హౌరా వెళ్లి దించి, తిరుగు లోడు కోసం రెండు రోజులు కాచుకుని, ఇంటికొచ్చి బట్టలు ఉతికించుకుని మళ్లీ అదే రోడ్డెక్కే మనిషిని చట్టం రాసినవాళ్లు ఎప్పుడైనా చూశారో లేదో. వారం తిరక్కుండా మళ్లీ అదే చెట్టు ముందు నుంచే ఆయన వెళ్లాలి.

2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పది నగరాల్లో లారీ డ్రైవర్లనూ యజమానులనూ అడిగి ఒక నివేదిక వేసింది. ఆ పదిలో విజయవాడ కూడా ఉంది. దేశంలో లారీల మీద ఏడాదికి సుమారు 48 వేల కోట్లు మామూళ్లుగా పోతున్నాయని వాళ్ల అంచనా. పేపర్లన్నీ ఆ అంకెను పెద్దక్షరాల్లో వేశాయి. నాకు మాత్రం అది చదువుతుంటే గుమ్మాలే కనిపించాయి. ఆ కోట్లలో ప్రతి యాభయ్యీ ఎవరో ఒక డ్రైవరు ఎవరో ఒక యజమాని గుమ్మంలో గోడకు ఆనుకుని నోటితో అప్పజెప్పిందే. రసీదు లేదు కాబట్టి అందులో ఎంతో కొంత కోసే ఉంటారు. ఆ కోత ఏ నివేదికలోనూ లేదు.

ఆ ట్రిప్పులో హౌరా పాట గంట ఆలస్యంతో అందింది. సరుకు పోలేదు. ఇంటికొచ్చాక నేనే పుస్తకం తెరిచి గడులన్నీ రాసి నాన్న ముందు పెట్టాను. బాబాయ్ ఎప్పటిలాగే గోడకు ఆనుకుని ఉన్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని వేలు కిందికి జార్చుకుంటూ వచ్చి చివరి గడి దగ్గర ఆగాడు.

"ఇదేంటయ్యా, ఒక్కచోటే ఐదొందలా?"

అడిగింది నన్ను కాదు, బాబాయ్‌ని. ట్రిప్పు ఆయన పేరున ఉంటుంది కాబట్టి జవాబు ఆయనే చెప్పాలి. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు: "ఎండాకాలం కదా అన్నయ్యగారూ, గట్టిగా పట్టుకున్నారు."

నాన్న ఎర్ర పెన్ను తీసి ఐదొందలు కొట్టేసి, పక్కన రెండొందలు వేశాడు. నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే మరి. బాబాయ్ తల ఊపి లేచి, చెప్పులేసుకున్నాడు.