యూనాన్ సముద్రంలో మెడ దాకా

ఉమ్రాకి పోకుండా యూనాన్‌కి పోతావా అని మా ఆపా అడిగింది. కోపంగా అడిగి ఉంటే జవాబు చెప్పడం ఆసానుగా ఉండేది. చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

మొదటి నుంచి చెబుతాను. మా అమ్మీ నాలుగేళ్లు మంచం మీదే ఉండి, రెండేళ్ల కిందట రజబ్ నెలలో అల్లాకు ప్యారీ అయ్యింది. పోవడానికి కొన్ని నెలల ముందే చేతి కంగన్లు రెండూ తీయించి ఆపాకొకటి, నాకొకటి ఇచ్చింది. "బీరువాలో దాయొద్దు. నీ కోసం ఖర్చు చేస్కో" అని నాతో అంది. ఆపాతో ఏమందో తెలియదు. ఆపా తన కంగన్ అమ్మి, దానికి ఇంకొంత కలిపి, అమ్మీ పేరు మీద ఉమ్రా చేసి వచ్చింది. జమ్‌జమ్ నీళ్లు, అజ్వా ఖజూర్ గల్లీ అంతా పంచింది. నేనూ నా కంగన్‌తో ఉమ్రాకే పోతానని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

అంతలో నా దోస్త్ ఫోన్ చేసింది. పేరు రాయొద్దని కసమ్ వేయించుకుంది. వాళ్ల అత్తగారు నేను రాసేవన్నీ చదువుతారట. బాపట్లలో మాది ఒకే గల్లీ, ఒకే మదరసా, ఒకే బడి. ఇరవై ఏళ్లుగా జర్మనీలో నర్సు. "సెప్టెంబర్‌లో వారం సెలవు దొరికింది. ఒక ద్వీపానికి పోదాం. ఏం చూడం, ఏం చేయం. సముద్రం పక్కన పడుకుంటాం. వస్తావా?" అంది.

వస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తొందరగా ఎలా వచ్చిందో నాకే హైరత్.

ఆపాకు మాత్రం ఇంకో జవాబు చెప్పాను. "అక్కడ ఉస్మానియా సల్తనత్ నాటి మసీదులున్నాయి ఆపా, చూసి వస్తా" అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. మసీదుల కోసం పోతున్నానంటే సఫర్‌కి ఒక ఇజ్జత్ వస్తుందని అలా అన్నాను. ఇక మహ్రమ్ లేకుండా ప్రయాణమా అని అడిగేవాళ్లు అడగొచ్చు. మా ఇంట్లోనూ ఆ బహస్ జరిగింది. మా వారు ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి, సూట్‌కేసు మీద నా పేరు చీటీ తనే అంటించి పంపారు. అంతకన్నా ఇక్కడ చెప్పను.

మేం పోయింది కోస్ ద్వీపానికి. మ్యాపులో చూస్తే అది టర్కీ ఒళ్లో కూర్చున్నట్టుంటుంది. బోద్రుమ్ తీరం నుంచి సముద్రం నాలుగైదు కిలోమీటర్లే. దాదాపు నాలుగు వందల ఏళ్లు ఉస్మానియా హుకూమత్ కింద ఉంది. (మన హైదరాబాద్ బంధువులకు ఉస్మానియా అంటే ఆసుపత్రి, బిస్కెట్టు గుర్తొస్తాయి. ఇది వేరే.) 1912లో ఇటలీ ఆ ద్వీపాలన్నిటినీ పట్టుకుంది. 1923లో గ్రీసు, టర్కీ జనాన్ని మజహబ్ చూసి మార్చుకున్నాయి. గ్రీసు ముస్లింలు అటు, టర్కీ ఈసాయీలు ఇటు. లక్షల మంది ఇళ్లూ ఖబ్రస్తాన్‌లూ వదిలేసి ఓడలెక్కారు. కోస్ అప్పటికి ఇటలీ చేతిలో ఉండబట్టి ఆ బట్వారాలోకి రాలేదు. గ్రీసులో కలిసింది 1947లో. అందుకే అక్కడ ఇప్పటికీ కొన్ని ముస్లిం ఖాందాన్‌లున్నాయి. బట్వారా అన్న మాట వింటే మన ఇళ్లలో ఏదో ఒకటి కదులుతుంది కదా, ఇది చదివినప్పుడు నాకూ కదిలింది.

ఉత్తరం వైపు తీరంలో తిగాకి అనే ఊళ్లో చిన్న గది తీసుకున్నాం. మొదటి రోజు ఫజర్‌కి లేచి ఫోన్‌లో ఖిబ్లా చూశాను. ఆగ్నేయం. జన్మంతా పడమటికి తిరిగి నమాజు చేసిన ఒంటికి అది వింతగా ఉంది. జానమాజ్ పరచి, కొండ వైపు తిరిగి నిలబడ్డాక గమనించాను, సముద్రం వీపు వైపు ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో కూడా నమాజుకి నిలబడితే సముద్రం వెనకే ఉంటుంది. ఆ ఒక్కటీ ఇంటి దగ్గరలాగే ఉంది. పదిహేను రోజుల కంటే తక్కువ ఉంటాం కాబట్టి ముసాఫిర్‌లం, కసర్ చేశాం. జొహర్ రెండే రకాత్‌లు.

తర్వాత నా దోస్త్ చెప్పిన మాట ప్రకారం ఏమీ చేయలేదు. గొడుగు కింద పొడవాటి కుర్చీలో పడుకుని, మొహం మీద దుపట్టా వేసుకుని నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. ముసాఫిర్‌నని అల్లాయే నమాజు సగం చేసి ఇచ్చాడు, నేను మాత్రం నాకు పైసా రియాయత్ ఇచ్చుకోలేకపోతున్నాను. గంటకొకసారి "ఇప్పుడేం చేద్దాం?" అని అడుగుతుంటే దుపట్టా తీయకుండానే, "ఆరాముకి కూడా అల్లా దగ్గర రసీదు కావాలా నీకు?" అంది.

తిండికి కష్టం కాలేదు. మాంసం జోలికి పోకుండా చేపలు, టమాటాలో ఉడికించిన పెద్ద తెల్ల చిక్కుళ్లు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం తిన్నాం. ఆక్టోపస్‌లను తాడు మీద బట్టల్లా ఆరేస్తారు. మనం హనఫీలం, చేప దాటి పోం కాబట్టి చూసి నవ్వుకుని వచ్చేశాం. ఆ ఊరి ప్రత్యేకం అని చెప్పి ఒక జున్ను పెట్టబోయాడు హోటలతను. అడిగితే, ద్రాక్షసారాలో నానబెడతారట. తౌబా. కానీ కనెలాదా అనే దాల్చినచెక్క షర్బత్ ఒకటుంది, ఎర్రగా, చల్లగా. రోజుకి రెండు గ్లాసులు తాగాను. రంజాన్‌లో మన ఇళ్లలో చేస్తే ఇఫ్తార్‌కి జగ్గు మిగలదు.

మూడో రోజు నా జిద్దు గెలిచింది, మసీదులు చూడ్డానికి కోస్ టౌన్‌కి పోయాం. 1786లో కట్టిన గాజీ హసన్ పాషా మసీదు ఒక ముసలి చెట్టు పక్కన ఉంది. ఆ చెట్టు కిందే బుఖ్రాత్ శాగిర్దులకు పాఠాలు చెప్పాడని అంటారు. చెట్టుకి అంత వయసు లేదులెండి, కథే. మసీదుకి తాళం. 2017 జూలైలో జల్‌జలా వచ్చి టౌన్ చాలా దెబ్బతింది. చౌరస్తాలో ఉన్న దఫ్తర్‌దార్ మసీదు మీనారు అప్పుడే కూలిపోయింది. అక్కడా లోపలికి పోవడానికి లేదు. మెట్ల దగ్గర నిలబడి ఫోటోలు తీసి ఆపాకు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

టౌన్‌కి రెండు కిలోమీటర్ల దూరంలో ప్లతాని అని పల్లె ఉంది. ముస్లింలు మిగిలింది ముఖ్యంగా అక్కడే. ఆ మసీదు బతికే ఉంది. చౌక్‌లో బల్లలేసి కబాబ్‌లు అమ్ముతున్నారు. ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని బెండకాయలు కోస్తోంది. మేం సలామ్ అన్నాం, ఆమె జవాబిచ్చింది. ఆ తర్వాత మా దగ్గర మాటలు అయిపోయాయి. ఆమెకు టర్కీ, గ్రీకు. మాకు తెలుగు, ఉర్దూ. నా చేతిలో ఒక బెండకాయ పెట్టి నవ్వింది. మా అమ్మీ కూడా బెండకాయలు అంతే, చివర తుంచి చూసి, లేతవైతేనే కోసేది.

అక్కడి నుంచి కొండ మీద అస్క్లెపియోన్‌కి నడిచాం. రెండు వేల ఏళ్లు దాటిన దవాఖానా, గుడి రెండూ. మూడు అంతస్తులుగా కొండను చెక్కారు. మన యూనానీ వైద్యం పేరు ఈ యూనాన్ నుంచే వచ్చింది, బుఖ్రాత్ పుట్టింది ఈ ద్వీపంలోనే. చిన్నప్పుడు ఎక్కువ మాట్లాడితే అబ్బా "పెద్ద బుఖ్రాత్ వచ్చింది" అనేవారు. ఇంత దూరం వస్తానని ఆయనకేం తెలుసు! అప్పట్లో రోగులు ఇలాంటి చోట్లకు వచ్చి రాత్రి పడుకునేవారట. నిద్రలో వచ్చిన ఖ్వాబ్‌ను బట్టి ఇలాజ్. నా దోస్త్‌కి ఇది భలే నచ్చింది. "చూశావా, నిద్రే మందు. నేను మొదటి రోజు నుంచి మందేసుకుంటున్నా. నువ్వే పరహేజ్ లేకుండా తిరుగుతున్నావ్" అంది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. కోవిడ్ రోజుల్లో వార్డులో ఎన్ని రాత్రులు నిలబడిందో మొదటిసారి ఆ మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఫోన్లో ఎప్పుడూ "ఖైరియత్, ఖైరియత్" అనేది. నేనూ అదే అనేదాన్ని.

ఆ కొండ మీద నుంచి టర్కీ తీరం సాఫ్‌గా కనిపిస్తుంది. 2015 సెప్టెంబర్‌లో అటు నుంచి ఇటు రావడానికే ఒక సిరియా కుటుంబం చిన్న పడవ ఎక్కింది. ఎర్ర చొక్కా వేసుకుని ఇసుకలో బోర్లా పడి ఉన్న ఆ పసివాడి ఫోటో మీరూ చూసే ఉంటారు. వాళ్లు రాబోయింది ఈ కోస్‌కే. ఆ రోజు సాయంత్రం నేను బీచ్‌కి పోలేదు. గదిలో కూర్చుని యాసీన్ చదివాను. ఆ నీళ్లలో సరదాగా దిగొచ్చా అన్న సవాల్‌కి నాకు ఇప్పటికీ జవాబు లేదు. మర్నాడు దిగాను, అది మాత్రం నిజం.

దిగడమంటే మామూలు సంగతి కాదు నాకు. సూర్యలంక మా బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. ఈద్ మర్నాడు అబ్బా మమ్మల్ని తీసుకెళ్లేవారు. అన్నలు, తమ్ముళ్లు అలల్లో పడి కేకలేసేవారు. ఆపా, నేను షల్వార్ పట్టుకుని చీలమండల దాకా. అబ్బా మంచివారే, మా చేతులు వదిలేవారు కాదు. పెద్దయ్యాక పిల్లల్ని తీసుకుపోయినప్పుడు వాళ్ల చెప్పులు, టవళ్లు పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. సముద్రం పక్క ఊరిదాన్ని, యాభై ఒక్క ఏళ్లలో మోకాళ్ల పైకి సముద్రం తెలియదు.

నా దోస్త్ నాకోసం తల నుంచి కాళ్ల దాకా కప్పే బుర్కినీ కొని పెట్టింది. అందులో నన్ను నేను అద్దంలో చూసుకుని పగలబడి నవ్వాను. బయటికి రావడానికి అరగంట పట్టింది. బీచ్‌లో ఒక్కరూ తలతిప్పి చూడలేదు. వాళ్ల వైపు చూడకుండా నడవడమే నాకు కష్టమైంది, అది వేరే సంగతి.

తిగాకిలో తీరం మెత్తటి ఇసుక. చాలా దూరం లోతుండదు. చేయి పట్టుకుని నడిపిస్తూ పోయింది. మోకాళ్లు, నడుము. ఎంత నడిచినా నడుమే. ఛాతీ దగ్గరికొచ్చేసరికి కలిమా చదవడం మొదలుపెట్టాను. ఆమె జర్మనీలో ఆడవాళ్ల వేళల్లో ఈత నేర్చుకుంది. మెడ దాకా వచ్చాక, "వెనక్కి వాలు, నా చేయి వీపు కింద ఉంది, చెవులు నీళ్లలో మునగనీ" అంది.

మునిగాయి. అప్పుడేమైందంటే, చప్పుడంతా ఆగిపోయింది.

అమ్మీ మంచాన పడ్డ నాలుగేళ్లు నా చెవి ఒకటి ఎప్పుడూ మేలుకునే ఉండేది. రాత్రి రెండింటికి, మూడింటికి "బేటీ" అని పిలిచేది. ఒక్కోసారి పిలవకపోయినా వినిపించేది. ఆమె పోయిన తర్వాత కూడా లేచి కూర్చునేదాన్ని. మా వారు లైటు వేసి, ఏమీ అనకుండా మంచినీళ్లు ఇచ్చేవారు. ఆ నీళ్లలో చెవులు మునిగాక నాకు ఎవరూ పిలిచినట్టు వినిపించలేదు. ఆకాశం ఉంది, వీపు కింద దోస్త్ చేయి ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో. లేచేసరికి ఏడుస్తున్నాను. ఆమె చూసింది, ఏమీ అడగలేదు. "ఇంకోసారి?" అంది. ఆ రోజు మధ్యాహ్నం గొడుగు కింద నేనూ నిద్రపోయాను. అసర్‌కి తనే లేపింది.

గొడుగుల అతనికి డబ్బు ఇస్తుంటే, ఈమె ఇవాళే మొదటిసారి సముద్రంలో దిగిందని నా దోస్త్ జర్మన్‌లో చెప్పింది. అతను గుండె మీద చేయి పెట్టుకుని నాతో "హలాలీ" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మన హలాలే. టర్కీ మీదుగా వాళ్ల భాషలోకి పోయింది. హరామ్ కూడా పోయింది, "హరామీ" అంటే వాళ్లకు వృథా అయిపోయిందని అర్థం. జేబుని "చేపి" అంటారు. పుచ్చకాయ "కర్పూజీ". హలాలీ అంటే షరీఅత్ సంగతి కాదు వాళ్లకు. పెట్టిన ఖర్చుకి మనసులో నొప్పి లేకపోతే ఆ మాట అంటారట. ఆయన ముఫ్తీ కాదు, నాకు తెలుసు. అయినా ఆ మాటను రుమాలులో కట్టుకున్నట్టు దాచుకుని తెచ్చుకున్నాను.

ఆఖరి రాత్రి ఆపా తనే ఫోన్ చేసింది. పిల్లల సంగతులు, కరెంటు బిల్లు, పక్కింటి వాళ్ల మంగ్నీ అన్నీ చెప్పింది. తర్వాత, "మసీదుల్లో నమాజు చదివావా?" అంది.

"తాళాలు ఉన్నాయి ఆపా. బయట నుంచే చూశా. గదిలోనే చదువుకున్నా." ఒక్క క్షణం ఆగి చెప్పేశాను. "నేను వచ్చింది మసీదుల కోసం కాదు ఆపా. సముద్రంలో దిగా."

అవతల నుంచి చప్పుడు లేదు. లైన్ పోయిందనుకున్నాను.

"ఎందాకా?" అంది.

"మెడ దాకా."

మళ్లీ కాసేపు ఏమీ వినిపించలేదు.

"చల్లగా ఉన్నాయా నీళ్లు?" అని అడిగింది మా ఆపా.