బ్రిడ్జిటౌను క్రీడారంగము

బార్బడోసు ద్వీపమునందలి చెఱకుతోటలను, తెల్లని యిసుకతీరములను జూచుకొనుచు మేము బ్రిడ్జిటౌనునఁ గెన్సింగ్టన్ ఓవల్ క్రీడారంగమునకుఁ బోయితిమి. 2007 ప్రపంచకప్పు పోటీలకై దీనిని క్రొత్తగాఁ గట్టిరి. సోదరీమణులారా! 1962 మార్చిలో మన జట్టు నాయకుఁడు నారీ కాంట్రాక్టరునకు, గ్రిఫిత్తు వేసిన బంతి తలకుఁ దగిలి పుఱ్ఱె చిట్లిన దిచ్చటనే. అతనికి 28 ఏండ్లు. నాఁ డాటగాండ్రకు శిరస్త్రాణములు లేవు. ఇంటివా రెంత దూరమున నుండిరో తలఁచుకొన్న మాకు గుండె జల్లుమన్నది. రక్తము కావలసివచ్చినపుడు మన యాటగాండ్రతోఁబాటు వెస్టిండీసు నాయకుఁడు ఫ్రాంక్ వొరెల్ సయితము తన రక్తము నిచ్చెను. ఎదుటి పక్షమువాఁడన్న మాట యా గడియలో నెవ్వరికిఁ దోఁచును? కాంట్రాక్టరు బ్రదికెను, మరల బ్యాటు పట్టెను గాని, టెస్టుపందెములలో నాడలేదు. 21 ఏండ్ల పటౌడీ నాయకుఁ డయ్యెను. వంగదేశపు క్రికెట్టు సంఘమువారు 1981 నుండి వొరెల్ పేర రక్తదానము జరుపుచున్నారు.