సెవెన్ బి టీచర్‌కి వచ్చిన మెయిల్



నేను మన బ్రాంచిలో ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. జూన్ నుంచి సెవెన్ బి క్లాస్ టీచర్‌ని కూడా. ఈ నెల నన్ను రీడింగ్ హ్యాబిట్ గురించి రాయమన్నారు. అది వచ్చే సంచికలో రాస్తాను. ముందు మీకు చెప్పాల్సింది ఒకటుంది. అందులో నా తప్పు కూడా ఉంది.

జులై రెండో వారంలో ఒక అమ్మగారు స్కూల్‌కి వచ్చారు. ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చారు. వాళ్ల పాప రెండు రోజులుగా రావడం లేదు. జ్వరమేమో అనుకుని, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. ఫోన్ తెరిచి నా ముందు పెట్టారు.

"మేడమ్, మీకు మెయిల్ పెట్టాను కదా. చదివి కూడా ఇలా చేశారా?"

డైరీ మొదటి పేజీలో అచ్చువేసిన సెవెన్ బి టీచర్ అడ్రసుకే పంపారు. తేదీ జూన్ 21. పాపకి నత్తి ఉందని, ఈమధ్యే స్పీచ్ థెరపీ మొదలుపెట్టామని, కొన్నాళ్లపాటు అందరి ముందు ఒక్కదాన్నే నిలబెట్టి చదివించవద్దని రాశారు. చివర్లో, "మరో విధంగా చదివించండి మేడమ్, చదివించడం మాత్రం మానకండి" అని ఉంది.

ఆ మెయిల్ నేను చూడలేదు. ఆ మూడు వారాలూ రోల్ నంబర్ల వరుసలో పిల్లల్ని నిలబెట్టి పాఠం చదివించాను. ఆ పాప వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పాఠం చూసుకుని రాలేదనుకుని "లౌడర్ ప్లీజ్" అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నవ్విన వాళ్లని గదిమాను కానీ, పాపని కూర్చోమనలేదు.

తప్పంతా కంప్యూటర్ మీదకి నెట్టేయడానికి ఇది రాయడం లేదు. మెయిల్ రాకపోయినా ఆ పిల్ల ముఖం నా ఎదురుగానే ఉంది కదా. అయినా ఆ మెయిల్ ఎక్కడికి పోయిందో తెలుసుకోవాల్సిందే అనిపించింది.

మన బ్రాంచి మెయిల్ చూసుకునే పాత మెషీన్ కంప్యూటర్ ల్యాబ్ పక్కన చిన్న గదిలో ఉంటుంది. దాన్ని చూసే సిస్టమ్స్ సర్ ఇప్పుడు వేరే బ్రాంచిలో ఉన్నారు. ప్రిన్సిపాల్ సర్ అనుమతి తీసుకుని ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఒక్కో మెట్టూ చెబుతుంటే లాగిన్ అయ్యాను. నల్లటి స్క్రీన్, మధ్యలో ఒక పెట్టె, అందులో అక్షరాలు మాత్రమే. మౌస్ పనిచేయదు. పైకీ కిందకీ బాణం కీలు, పక్కకి వెళ్లడానికి ట్యాబ్, సరేననడానికి ఎంటర్, అంతే. యాడ్ అలియాస్, ఎడిట్ అలియాస్, డిలీట్ అలియాస్, ఫార్వార్డింగ్, అప్లయ్, ఎగ్జిట్. ఇంగ్లిష్ టీచర్‌ని, ప్రతి మాటా తెలుసు. ఏది నొక్కితే ఏమవుతుందో మాత్రం తెలియదు.

అలియాస్ అనే మాట నేను మొదట నేర్చుకున్నది మా నాన్న చదివే దినపత్రికలో. దొంగల వార్తల్లో వచ్చేది, ఫలానా అలియాస్ ఫలానా అని. మెయిల్‌లో అది మనిషికి మారుపేరు కాదు, కుర్చీకి పేరు. 'సెవెన్ బి టీచర్' అన్న అడ్రసుకి సొంతంగా పెట్టె ఏదీ లేదు. ఆ పేరుతో వచ్చిన మెయిల్ ఎవరి పెట్టెలో వేయాలో చెప్పే ఒక వరుస ఉంటుంది, అంతే. ఎడమవైపు కుర్చీ పేరు, కుడివైపు మనిషి పేరు. ఇద్దరికి వెళ్లాలంటే మధ్యలో కామా.

ఈ ఏర్పాటు మన స్కూల్ కనిపెట్టింది కాదు. అడ్రసులో ఎట్ గుర్తు వాడటం 1971లో రే టామ్లిన్సన్ మొదలుపెట్టారు. తర్వాత బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983లో వచ్చింది. అందులో ఉన్న అలియాస్ జాబితా పద్ధతే ఇవాళ్టికీ చాలా మెయిల్ సర్వర్లలో నడుస్తోంది. మెయిల్ తీసుకునే ప్రతిచోటా 'పోస్ట్‌మాస్టర్' అనే పేరు పనిచేయాలన్న నియమం కూడా ఉంది. మనుషులు మారినా ఆ పేరు మారదు. ఎడమవైపు మారకపోవడం దీని గొప్పదనం. కుడివైపు మార్చడం మర్చిపోతే ఏమవుతుందో నేను చూశాను.

సెవెన్ బి పక్కన కుడివైపు ఉన్నది నా పేరు కాదు. ఏప్రిల్‌లో మానేసి వేరే ఊరు వెళ్లిపోయిన మేడమ్ పేరు.

మరి ఆ మెయిల్ తిరిగి ఎందుకు రాలేదని ఆ అమ్మగారు అడిగారు. నేనూ అదే అడిగాను. లేని అడ్రసుకి పంపితే 'చేరలేదు' అని వెనక్కి వస్తుంది. కానీ పాత మేడమ్ పెట్టె తీసేయలేదు, అలాగే ఉంది. మనుషులు ఖాళీ చేసిన ఇంటి తలుపు సందులోంచి పోస్ట్‌మ్యాన్ ఉత్తరం లోపలికి తోసి వెళ్లిపోయినట్టు, సర్వర్ మెయిల్ అందులో వేసి తన పని అయిపోయిందనుకుంది. పంపినవాళ్లకి చేరిందనే అనిపిస్తుంది.

అంతటితో ఆగలేదు. ఫార్వార్డింగ్ తెరిచి చూస్తే, ఆ పెట్టెకి వచ్చినవన్నీ పాత మేడమ్ సొంత జీమెయిల్‌కి వెళ్తున్నాయి. ఇంటి దగ్గర ఫోన్‌లో చూసుకోవడానికి వీలుగా ఎప్పుడో పెట్టుకున్నారట. ఆవిడకి ఫోన్ చేశాను. "చూశాను మేడమ్, మీకూ వచ్చే ఉంటుందనుకున్నాను" అన్నారు పాపం. ఒక పాప ఆరోగ్యం గురించి వాళ్లమ్మ రాసింది బయటి మనిషి చదివారు, చదవాల్సిన నేను చదవలేదు.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. డిపో మారినప్పుడల్లా మా పాత ఊరి పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చి వచ్చేవారు. ఉత్తరాల మీద పాత ఊరి పేరు కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో కొత్త ఊరి పేరు ఉండేది. ఆ ఎర్ర గీత చూస్తే ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో తెలిసేది. మెయిల్‌కీ అలాంటి ముద్రలు పడతాయి. ఏ సర్వర్ దాటితే ఆ సర్వర్ తన గుర్తు వేస్తుంది. మామూలుగా చదివేటప్పుడు మనకి కనిపించవు, అంతే తేడా.

ఆ రోజే కుడివైపు నా పేరు పెట్టి సేవ్ చేశాను. నా ఫోన్ నుంచి ఒక మెయిల్ పంపి చూసుకుంటే రాలేదు. మళ్లీ సిస్టమ్స్ సర్‌కి ఫోన్. "అప్లయ్ నొక్కారా మేడమ్?" అన్నారు. సేవ్ చేస్తే జాబితాలో రాసుకుంటుందట, అప్లయ్ కొడితేనే సర్వర్ ఆ కొత్త జాబితా చదువుకుంటుందట. సవరించిన మార్కులు రిజిస్టర్‌లో వేసి ప్రోగ్రెస్ కార్డులో వేయకపోవడం లాంటిదన్నమాట. అప్లయ్ కొట్టాక నిమిషంలో వచ్చింది.

మిగతా జాబితా కూడా కూర్చుని చూశాను. సెక్షన్ల అడ్రసులు, ట్రాన్స్‌పోర్ట్, హెల్త్ రూమ్, అకౌంట్స్ కలిపి ఆరు చోట్ల ఇప్పుడు మన దగ్గర లేనివాళ్ల పేర్లున్నాయి. ఆరూ ప్రిన్సిపాల్ సర్‌కి చూపించి మార్చాం. బయటి అడ్రసులకి పెట్టిన ఫార్వార్డింగ్ అన్నీ తీసేశాం. మానేసిన రోజునే పేరు మార్చాలని రిలీవింగ్ ఫారంలో ఒక గడి చేర్చారు.

మీ వైపు జాబితాలో కూడా ఒకటి కనిపించింది. అడ్మిషన్ ఫారాల్లో పద్నాలుగు మంది పిల్లల ఎదురుగా ఒకే ఈమెయిల్ ఉంది. ఆరా తీస్తే అది బస్టాండ్ వెనక ఉన్న నెట్ సెంటర్ వాళ్లది. ఫారం నింపిపెట్టేటప్పుడు గడి ఖాళీగా ఉండకూడదని తమది వేసేశారు. ఆ పద్నాలుగు మంది ప్రోగ్రెస్ రిపోర్టులు, ఫీజు రసీదులు ఇన్నాళ్లూ ఆ సెంటర్‌కే వెళ్లాయి. "మాకు స్కూల్ నుంచి ఏమీ రావు మేడమ్" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అన్నప్పుడు, స్పామ్ ఫోల్డర్ చూసుకోమని తేలిగ్గా చెప్పి పంపాను. ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలి.

ఇక పాప సంగతి. తర్వాతి సోమవారం వచ్చింది. నత్తి ఉన్న చాలామంది పిల్లలు నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు తడబడరని వాళ్ల థెరపిస్ట్ చెప్పారట, వాళ్లమ్మ నాకు చెప్పారు. ఇప్పుడు క్లాసంతా రో వారీగా కలిసి చదువుతున్నాం. ఎవరినీ ఒంటరిగా నిలబెట్టడం లేదు. మొన్న రెండో రోలో ఆ పాప గొంతు విడిగా పోల్చుకోగలిగాను. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడదు. అడిగినదానికి తల ఊపుతుంది. దానికి టైమ్ పడుతుంది.

జూన్ 21 నాటి మెయిల్ తీయించి నా పెట్టెలోకి తెచ్చుకున్నాను. అన్నీ ఎదురుగా మాట్లాడుకున్నాక కూడా దానికి జవాబు రాశాను, ఇరవై ఆరు రోజులు ఆలస్యంగా. ఆ అమ్మగారు మళ్లీ నైట్ డ్యూటీలో ఉన్నట్టున్నారు, తెల్లవారుజామున నాలుగింటికి 'అందింది మేడమ్' అని వచ్చింది.

ఈ నెల 10వ తేదీలోగా మీరందరూ మీ సొంత మెయిల్ నుంచి మీ పిల్లల సెక్షన్ టీచర్ అడ్రసుకి ఒక మెయిల్ పంపండి. సబ్జెక్ట్‌లో బాబు లేదా పాప పేరు, సెక్షన్ రాస్తే చాలు. రెండు పని దినాల్లో టీచర్ పేరుతో జవాబు రావాలి. రాకపోతే డైరీలో ఒక ముక్క రాసి పంపండి, లేదా ఆఫీసుకి ఫోన్ చేయండి. పిల్లల ఆరోగ్యం సంగతైతే ఆ రెండు రోజులు కూడా ఆగకండి, మెయిల్ పెట్టిన రోజే డైరీలోనూ రాయండి. సెవెన్ బి వాళ్ల డైరీలు రోజూ ఉదయం ఫస్ట్ పీరియడ్‌లో నేనే చూస్తున్నాను.