పదహారణాల లెక్క

విండోస్‌తో పాటు వచ్చే కాలిక్యులేటరును మనలో చాలామంది కూడికలకు, తీసివేతలకు తప్ప తెరవరు. దాని మెనూలో ‘ప్రోగ్రామర్’ అన్న పేరుతో ఇంకొక ముఖం ఉన్నది. 2009లో విండోస్ 7తో అది విడి పలకగా వచ్చింది. అంతకుముందు ఎక్స్‌పీలో సైంటిఫిక్ పలకమీదే హెక్స్, డెస్, ఆక్ట్, బిన్ అని నాలుగు గుండీలు ఒక వరుసలో ఒదిగి ఉండేవి. (లేఖినిలో టైపు చేసుకుంటూ, తెరమీద డబ్బాలు కనబడితే ఎక్స్‌పీ సీడీ కోసం వెతుక్కున్న మిత్రులకు ఆ గుండీలు గుర్తుండే ఉంటాయి.) ఈ వంశంలో పెద్దలను తలచుకోవాలంటే హ్యూలెట్ ప్యాకార్డ్ వారు 1982లో, ప్రోగ్రాములు రాసేవారి కోసమే తెచ్చిన 16సి అనే చేతియంత్రాన్ని చెప్పుకోవాలి.

ఇది విచిత్రమైన లెక్కలమనిషి. ఏడును రెండుతో భాగించమంటే మూడు అంటుంది. ‘మూడున్నర’ అన్న మాట దాని నోట రాదు. బైటు కొలతలో ఎఫ్ఎఫ్ అని కొడితే మనం ఆశించే 255కు బదులు మైనస్ ఒకటి చూపుతుంది. అయితే ఒకే సంఖ్యను నాలుగు వేషాలలో ఒక్కసారిగా మన ముందు నిలబెడుతుంది. అందులో పదహారు మూలంగా గల వేషం చూసినపుడల్లా నాకు మా మేనమామ గుర్తుకొస్తాడు. ఆయన లెక్కల మాస్టారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు చదువుకున్నవాడు కనుక బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి అని రెట్టింపు చేసుకుంటూ పోవటం ఆయనకు శ్వాస వంటిది. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు! కంప్యూటరు చేసేదీ ఇదే కదరా అనేవాడు. మన పాత భిన్నాల గుర్తులు కూడా నాలుగు మూలంగా నడిచేవే. యూనికోడులో వాటికి 2008లో చోటు దొరికింది. ఆ సంగతి చెబితే పిల్లవాడిలా సంబరపడ్డాడు.

ఆయన పోయి ఏడాది కావస్తున్నది. ఉద్యోగవిరమణ తరువాత, కృష్ణ ఒడ్డున ఉన్న తమ ఊరిని గురించి, 1981లో అది శ్రీశైలం జలాశయం అడుగుకు పోవటాన్ని గురించి ఇరవైమూడు వ్యాసాలు రాశాడు. కాగితం మీద కాదు, నేరుగా కీబోర్డు మీదనే. వాటిని దాచిన ఉచితసేవ ఒకటి మూతబడుతూ, ఎవరి రాతలు వారు తీసుకుపొండని ఒక దస్త్రం చేతిలో పెట్టింది. తెరిచి చూస్తే ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన ఏటవాలు గీతతో లాటిన్ ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, దాని పక్కన మూడు చుక్కలు, మళ్ళీ నెత్తిన గీతతో ‘ఎ’. పుటలకు పుటలు ఇదే వరస. మధ్యమధ్య ప్రశ్నార్థకాలు.

గీత ఉన్న ‘ఎ’ బైటు ఇ0. డిగ్రీ గుర్తు బి0. మూడు చుక్కలు 85. కాలిక్యులేటరు తెరిచి బి0ని 3ఎఫ్‌తో యాండ్ చేస్తే 30 వచ్చింది. దానిని ఆరు గళ్ళు ఎడమకు జరిపితే సి00. 85ను కూడా 3ఎఫ్‌తో యాండ్ చేస్తే 5. రెంటినీ ఆర్ చేస్తే సి05. యూనికోడులో తెలుగు వాడ సి00తో మొదలవుతుంది, సి05 అకారం. ఇ0 చివర నాలుగు బిట్లూ సున్నాలే కనుక దాని వాటా ఏమీ లేదు. అంటే అక్షరాలు చావలేదు. యూటీఎఫ్-8లో మూడేసి బైట్లుగా ఉన్న తెలుగును ఎవరో విండోస్-1252 అనే పడమటి పట్టికతో చదివి, అలాగే భద్రపరిచారు. తిరగదిప్పటానికి పది వరుసల ప్రోగ్రాము చాలు. రాశాను. మామయ్య గొంతు తిరిగి వచ్చింది, కానీ నత్తితో. ‘తెలుగు’ అన్న మాటే తెల?గ? అని వచ్చింది. ‘అమ్మ’ వచ్చి అమ?మ.

ఆ ప్రశ్నార్థకాల రహస్యం కూడా గణకంలోనే తేలింది. పడమటి పట్టికలో ఉన్న 256 గళ్ళలో అయిదు ఖాళీవి: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. ఈ బైట్లు ఎదురైనచోట, ఆ దస్త్రం తయారుచేసిన యంత్రం చేతులెత్తేసి ప్రశ్నార్థకం పెట్టింది. వాటిమీద మన అక్షరాలు ఏవి ఉన్నాయో ఒక్కొక్కటే జరిపి చూశాను. బి0 తరువాత అయితే అరసున్న, ఏ, ఐ, ఝ. ఇవి తేలిక: మాట మొదట నిలిస్తే ఏ గానీ ఐ గానీ, గుణింతం తగిలితే ఝ, హల్లు వెనుక నక్కితే అరసున్న. బి1 తరువాత మాత్రం నేటి వాడుకలో ఉన్నవి రెండే రెండు. 81 అయితే కొమ్ము, 8డి అయితే పొల్లు. ఒకటి ఉత్వం, రెండవది ఒత్తులన్నింటికీ ఆధారం. అజంతభాష అని మురిసిపోయే మనకు మాట చివరి ఉకారమూ, మాట నడుమ ద్విత్వమూ కలిపి పోవటం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

కాలిక్యులేటరులో బిట్ల పలక ఒకటి ఉన్నది. సున్నా మీద నొక్కితే ఒకటి అవుతుంది. కొమ్ము సంఖ్య 3137. నాలుగు, ఎనిమిది విలువగల బిట్లు రెంటినీ నొక్కితే 3149, పొల్లు. తేడా పన్నెండు. ముప్పావలా అనేవాడు మామయ్య.

వేల ప్రశ్నార్థకాలను నేనూ మా అత్తయ్యా కూర్చుని విప్పాము. తొంభైతొమ్మిది పాళ్ళు చదవగానే తెలిసిపోయేవే. చిక్కంతా చివరి వ్యాసంలో, ఆఖరి వాక్యం దగ్గర వచ్చింది. వేసవిలో నీరు తగ్గి, సంగమేశ్వరం గుడి బయటపడే రోజులలో తమ ఊరి మొండిగోడలు చూసి వచ్చి రాసిన వ్యాసమది. “ఊరు పోయిననేమి, మన?న? కదా!”

మన్ను కదా, అని చదవవచ్చు. మనును కదా, అనీ చదవవచ్చు. మొదటిది మట్టిలో కలిపేస్తుంది, రెండవది బ్రతుకుతుందంటుంది. మామయ్య వాడుకభాషలోనే రాసినా వ్యాసం ముగింపులో గ్రాంథికం ఒలకబోసే అలవాటున్నవాడు. ‘ఉండును’, ‘నిలుచును’ అని మిగతా ముగింపులలో ఉన్నాయి. అందుచేత ‘మనును’ అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. “ఆ రోజు మీ మామయ్య ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. పంచె కొంగున మూట కట్టుకొచ్చింది ఆ మన్నే” అన్నది. ఆ మూట ఇంకా దేవుడి గూటిలో ఉన్నదట. నాకు తెలియదు.

పుస్తకం ఆబ్దికం నాటికి రావాలి. వాక్యంలో అత్తయ్య మాటే ఉంచి, నా పాఠం పుట అడుగున చిన్నక్షరాలలో చేర్చాను. ప్రూఫులు దిద్దే మిత్రుడు రెండవదే బాగుందంటున్నాడు; అత్తయ్యకు ఆ మాట చెప్పలేదు.

మీ పాత దస్త్రాలలోనూ నెత్తిన గీతల ‘ఎ’లు కనబడితే తుడిచివేయకండి. ప్రశ్నార్థకానికి ముందున్నది డిగ్రీ గుర్తా, కూడిక కింద గీత ఉన్న గుర్తా అన్నది చూసుకోండి. డిగ్రీ అయితే బి0, రెండవది అయితే బి1.